విశ్వావసు నామ సంవత్సర వార్షిక నివేదిక: ప్లక్లీ దయ్యాల చిట్టా

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం నివేదిక ఏటా ఒకే బాటలో నడిచే ఎద్దుబండి. ఉగాది పచ్చడి, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గులు, చివర్లో హాలు అద్దె పెరిగిందన్న ఏడుపు. ఈ ఏడూ అవన్నీ జరిగాయి, బాగానే జరిగాయి. వనభోజనాల నాడు వాన పడింది, హాలు అద్దె పెరిగింది. వాటి గురించి ఇంతకంటే రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఈ ఏడాది మనవాళ్ళు ఒళ్ళొంచి చేసిన పని ఇంకొకటుంది. ఇంగ్లండులోని కెంట్ జిల్లాలో, ఆష్‌ఫర్డ్ పక్కనున్న ప్లక్లీ అనే పల్లెటూరి దయ్యాలన్నిటికీ చిట్టా రాశాం.

కెంట్‌లో తెలుగువాళ్ళకి ఇంతకంటే పనేం లేదా అని ఫోన్ చేసి అడిగిన ఇద్దరు పెద్దలకు ఈ నివేదికే నా జవాబు.

మొదలైన తీరు

పోయిన సర్వసభ్య సమావేశంలో, టీ విరామానికి ముందు, మన సభ్యులొకరు లేచి తమ గోడు చెప్పుకున్నారు. ఆయన ప్లక్లీలో ఇల్లు కొన్నారు. కొన్నాక, సామాన్లు దించాక, పక్కింటాయన పలకరించడానికొచ్చి చల్లగా చెప్పాడట, "ఇంగ్లండులోకెల్లా దయ్యాలెక్కువున్న ఊరు ఇదే, తెలుసుగా?" అని. తెలిస్తే బేరం కొంచెం తగ్గించి అడిగేవాణ్ణి కదా అన్నది ఆయన బాధ.

పక్కింటాయన చెప్పింది ఉత్తమాట కాదు. 1989 నాటి గిన్నిస్ రికార్డుల పుస్తకం ప్లక్లీకి ఆ బిరుదు ఇచ్చింది, 12 దయ్యాల లెక్కతో. ఆ తర్వాత ఎవరు లెక్కపెడితే వాళ్ళకి ఇంకో అంకె వచ్చింది. 13 అన్నవాళ్ళున్నారు, 14 అన్నవాళ్ళున్నారు, 16 దాకా పోయినవాళ్ళున్నారు. మన సభ్యత్వ సంఖ్య లాంటిదే. వనభోజనాల నాడు ఒక లెక్క, చందా అడిగిన నాడు ఇంకో లెక్క.

ఆష్‌ఫర్డ్ నుంచి టన్‌బ్రిడ్జ్ వైపు రైలెక్కితే మొదటి స్టేషన్ ప్లక్లీ. వెయ్యి మంది ఉండే ఊరు. స్టేషన్ కింద, ఊరు గుట్ట మీద. మైలు పైనే నడక, అదీ ఎగువకి. ఊళ్ళో ఒక రాతి చర్చి, ఒకటి రెండు పబ్బులు, యాపిల్ తోటలు, చుట్టూ బంకమట్టి నేల. మనలో రోజూ లండన్ వెళ్ళొచ్చేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ స్టేషన్ కిటికీలోంచి చూసి కళ్ళు మూసుకుని కునుకు తీసినవాళ్ళే. దిగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

అందుకే దిగి చూద్దామని తీర్మానం చేశాం. బలపరిచినవారి పేరు మినిట్స్‌లో ఉంది. వ్యతిరేకించింది కోశాధికారి గారొక్కరే, అదీ టిక్కెట్ల ఖర్చు గురించి.

మే నెల నడక

మొదటి నడక మే నెలలో. పెద్దలు, పిల్లలు, వీసా మీద వచ్చి ఉన్న అమ్మానాన్నలు, రెండు ఫ్లాస్కుల టీ, ఒక గిన్నెడు పులిహోర. దయ్యాల్ని చూడ్డానికి పట్టపగలు పదకొండు గంటలకి బయల్దేరిన బృందం బహుశా మాదొక్కటే.

సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఎర్ర దుస్తుల ఆవిడ తిరుగుతుందని ప్రతీతి. డెరింగ్ వంశపు ఇల్లాలట. పుట్టీపుట్టగానే పోయిన బిడ్డను వెతుక్కుంటూ సమాధుల మధ్య తిరుగుతుందట. చర్చిలోనే తెల్ల దుస్తుల ఆవిడ ఇంకొకరు. ఆమె కూడా డెరింగుల కోడలే. గొప్ప అందగత్తె, చిన్న వయసులో పోయింది. ఆ అందం మట్టిపాలు కావడం ఇష్టంలేని భర్త ఆమెను గాలి చొరని సీసం పెట్టెలో పెట్టించి, దాన్ని ఇంకో సీసం పెట్టెలో, దాన్ని మరొకదాంట్లో, అలా ఏడు పెట్టెల్లో పెట్టించి గుండెల మీద ఒక ఎర్ర గులాబీ ఉంచాడని కథ.

కోశాధికారి గారి అమ్మగారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి మన ఊళ్ళోనే ఉంటున్నారు, చర్చి ఆవరణలో బెంచీ మీద కూర్చుని ఇదంతా విన్నారు. సమాధుల మధ్య బెంచీలేసుకుని కూర్చోవడమే ఆవిడకి వింత. కాసేపు ఆలోచించి అడిగారు:

"ఏడు పెట్టెల్లో పెట్టి మూతేస్తే గులాబీ ఉన్నట్టు ఎవరికి తెలిసిందమ్మా? లోపల్నుంచి ఎవరొచ్చి చెప్పారు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆవిడ ఆగలేదు. "నీకెవరు చెప్పారు ఈ కథ?" అని నన్నడిగారు. ఊరి గురించి రాసిన ఒక కరపత్రంలో చదివానన్నాను. "అందులో రాసినవాడికెవరు చెప్పారు?"

ఆ ప్రశ్నే ఈ ఏడాదంతా మన పని అయింది. అప్పటిదాకా మా దగ్గరున్న ప్రశ్న "దయ్యం ఉందా లేదా" అన్నది. దానికి వందేళ్ళు కొట్టుకున్నా తెగదు, సంఘంలో రెండు వర్గాలు ఏర్పడడం తప్ప. "ఎవరు చెప్పారు" అన్నదానికి మాత్రం వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ సాయంత్రమే ఒక రూళ్ళ నోటుపుస్తకం కొన్నాం. దయ్యానికో పేజీ. పేజీకి మూడు గళ్ళు: ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఇంకెవరైనా ఇంకోలా చెప్పారా.

మూడో గడి అన్నిటికంటే ముందు నిండింది. సీసం పెట్టెలు ఒకరి కథలో ఏడు, ఇంకొకరి కథలో మూడు. ఎర్ర గులాబీ ఒకరి కథలో తెల్లావిడ గుండెల మీద ఉంటే, ఇంకొకరి కథలో ఎర్రావిడ గుండెల మీద ఉంది. ఒక్క శవయాత్రలోంచి రెండు దయ్యాలు పుట్టాయేమోనని నా అనుమానం. సీసం పెట్టె మాత్రం కట్టుకథ కానక్కర్లేదు. చర్చి కింద నేలమాళిగల్లో శవాల్ని దాచుకునే పెద్దింటివాళ్ళు ఆ రోజుల్లో సీసం తొడిగిన పెట్టెలే వాడేవారు.

ఆ నడకలోనే పిన్నాక్ వంతెన చూశాం. చూశాం అనడం కంటే దాటిపోయి వెనక్కి వచ్చాం అనడం న్యాయం. అది అంత చిన్నది. వాగులో మొలిచే వాటర్‌క్రెస్ అనే ఆకుకూర కోసి అమ్ముకు బతికిన ఒక ముసలామె సాయంత్రాలు ఆ వంతెన మీద కూర్చుని పొగాకు గొట్టం పీలుస్తూ జిన్ను తాగేదట. ఒకనాడు నిప్పురవ్వ పడి, సారా ఒలికిన శాలువా భగ్గున అంటుకుని అక్కడే కాలిపోయిందట. ఒకప్పుడు ముసలామె రూపం కనిపించేదనీ, రానురాను ఒక గులాబీ రంగు వెలుగు మాత్రమే మిగిలిందనీ చెబుతారు. దయ్యం కూడా పాత ఫొటోలా వెలిసిపోతుందన్న ఊహ నాకు భలే నచ్చింది. పన్నెండింటిలో నాకు జాలేసింది ఈమె మీదే. మిగతావాళ్ళలో దొరసానులున్నారు, కర్నల్ ఉన్నాడు. ఈమెకు పేరు కూడా మిగల్లేదు.

మిగిలినవాళ్ళని గబగబా చెప్పేస్తాను. ఫ్రైట్ కార్నర్ అనే మలుపులో కత్తితో చెట్టుకు గుచ్చబడ్డ దారిదోపిడీ దొంగ. ఉరేసుకున్న బడిపంతులు. పార్క్ వుడ్‌లో ఉరేసుకున్న కర్నల్. ఉరుములు మెరుపులు వచ్చే ముందు పాత గాలిమర దగ్గర కనిపించే మిల్లరు. ఇటుకల బట్టీలో మట్టిగోడ తన మీద కూలి చచ్చిపోయి ఇంకా అరుస్తున్న కూలీ. గుర్రపు బండి ఒకటి. ఈ జాబితా చూసి మన యువజన విభాగం కన్వీనర్ అన్న మాట రాసి పెట్టాను: "అంకుల్, ఇందులో ఒక ఊళ్ళో ఉండాల్సిన వృత్తులన్నీ ఉన్నాయి." నిజమే. జమీందారు భార్య నుంచి ఇటుకల కూలీ దాకా, పాత ప్లక్లీ జనాభా లెక్క దయ్యాల రూపంలో మిగిలింది.

డెరింగులు

నోటుపుస్తకంలో ఎక్కువ పేజీలు తిన్నది ఈ వంశమే. ఊరికి శతాబ్దాల పాటు జమీందార్లు. సరెండెన్ డెరింగ్ అనేది వాళ్ళ మేడ. ఎస్టేటు 1928లో వేలానికి పోయింది. మేడ 1952 అక్టోబరులో తగలబడింది.

ప్లక్లీలో నడుస్తుంటే మొదట కంటికి తగిలేవి కిటికీలు. పైన అర్ధచంద్రంలా వంపు తిరిగి, సన్నగా, పక్కపక్కన పేర్చినట్టుంటాయి. రైతు ఇంటికీ అవే, పబ్బుకీ అవే, స్టేషన్ దగ్గరి డెరింగ్ ఆర్మ్స్ అనే పబ్బుకీ అవే. 1640లలో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధం రోజుల్లో పార్లమెంటు సైనికులు మేడ మీద పడితే డెరింగుల్లో ఒకాయన ఇలాంటి కిటికీలోంచి దూకి ప్రాణాలు దక్కించుకున్నాడనీ, ఆ అదృష్టం అందరికీ అంటాలని 19వ శతాబ్దంలో సర్ ఎడ్వర్డ్ చమ్లీ డెరింగ్ తన ఎస్టేటులోని ఇళ్ళన్నిటికీ అవే పెట్టించాడనీ చెబుతారు. దూకడం నిజమో కాదో గానీ కిటికీలు మాత్రం కళ్ళెదుట ఉన్నాయి. దయ్యం కథ జనం నోట్లో ఉంటుంది. ఈ కథ గోడకి బిగించి ఉంది, ఏటా రంగు వేయించుకుంటుంది.

ఇక అసలు సంగతి. 17వ శతాబ్దపు సర్ ఎడ్వర్డ్ డెరింగ్ (1598–1644) పార్లమెంటు సభ్యుడు, పాత కాగితాల పిచ్చివాడు. డైరీ లాంటి లెక్కల పుస్తకం రాసేవాడు. 1623 డిసెంబరు 5న షేక్‌స్పియర్ నాటకాల మొదటి సంపుటం రెండు ప్రతులు 2 పౌండ్లకు కొన్నట్టు అందులో ఉంది. ఆ పుస్తకాన్ని ఎవరైనా కొన్నట్టు దొరికిన తొలి ఆధారం ఆ పద్దే. మన కోశాధికారి గారు ఈ విషయం విని, "చూశారా, రసీదు విలువ" అన్నారు.

అంత ఒద్దికగా పద్దులు రాసిన మనిషి ఇంకో పని కూడా చేశాడు. తన వంశం 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవకముందు నుంచీ ఉందని నిరూపించుకోవాలని కోరిక. ఆధారాలు లేవు. తయారు చేశాడు. ప్లక్లీ చర్చిలో తన పూర్వీకుల పేరుతో పాతవాటిలా కనబడే ఇత్తడి ఫలకాలు కొత్తగా చేయించి పెట్టించాడు. ఇంగ్లండులో మిగిలిన అతి పాత, వీరుల వంశచిహ్నాలు గీసిన తోలు చుట్ట ఒకటి, 1270–1280 మధ్యది, 324 డాళ్ళ బొమ్మలున్నది, ఆయన చేతికి వచ్చింది. అందులో నికొలస్ డి క్రియోల్ అనే వీరుడి గుర్తును చెరిపి, అక్కడ తన వంశానికి చెందినట్టుగా ఒక రిచర్డ్‌ను సృష్టించి రాశాడు. ఆ చుట్టకు ఇప్పుడు డెరింగ్ రోల్ అనే పేరు. 2008లో బ్రిటిష్ లైబ్రరీ కొనుక్కుంది.

నా లెక్కలో ప్లక్లీ మొదటి దయ్యం ఆ రిచర్డే. మిగతావాళ్ళు కనీసం బతికి చచ్చారంటారు. ఈయన పుట్టనేలేదు. ఐనా నాలుగు వందల ఏళ్ళుగా తోలు మీద నిలబడి ఉన్నాడు. చెరిపేసిన క్రియోల్ సంగతి ఇంకా పాపం. నిజంగా బతికిన మనిషి, సొంత చోటులోంచి గెంటేయబడ్డాడు. ఎర్రావిడకీ తెల్లావిడకీ కథలల్లిన ఊళ్ళో క్రియోల్ కోసం ఒక్క దయ్యమైనా లేకపోవడం అన్యాయమని కార్యవర్గంలో ఒక అభిప్రాయం వచ్చింది. తీర్మానం దాకా పోలేదు.

తెల్లావిడ గురించి ఇంకొక్క మాట. డెరింగుల మేడను ఒకప్పుడు అద్దెకు తీసుకున్న వాల్టర్ వైనాన్స్ అనే అమెరికన్, లైబ్రరీలో ఆవిడ కనబడితే తుపాకీతో కాల్చాడని ఊరి కథ. గుండు ఆవిడలోంచి దూరిపోయి గోడకి తగిలిందట. వైనాన్స్ మామూలు గురికాడు కాదు. 1908 ఒలింపిక్స్‌లో తుపాకీ పోటీలో స్వర్ణం, 1912 ఒలింపిక్స్ కళల పోటీలో శిల్పానికి స్వర్ణం గెలిచిన మనిషి. అలాంటివాడి గురి తప్పిందంటే అది దయ్యమే అయ్యుండాలని కథ చెప్పేవాళ్ళ తర్కం. ఎంత చక్కటి తర్కమో చూడండి. గురి తప్పనివాణ్ణి తెచ్చి కథలో పెడితే వేరే సాక్ష్యమే అక్కర్లేదు.

ఎవరు చెప్పారు

వేసవి నెలల్లో నోటుపుస్తకం రెండో గడి, అంటే "ఎప్పుడు" అన్నది, నింపడానికి కూర్చున్నాం. అక్కడే గమ్మత్తు బయటపడింది. మాకు అందిన కథల్లో చాలావాటిని వెనక్కి లాగుతూ పోతే 1950ల దగ్గర తాడు తెగిపోతుంది. ఆ దశాబ్దంలోనే ఫ్రెడరిక్ సాండర్స్ అనే ఆయన రాత్రిళ్ళు చర్చి దగ్గర కాపలా కాసి, తన అనుభవాలను సొంతంగా అచ్చేయించుకున్నాడు. అదే కాలంలో ఒక టీవీ పత్రికకు ఊరి దయ్యాల గురించి రాసిన పెద్దమనిషి, కొన్నిటిని తానే కల్పించానని తర్వాతెప్పుడో నవ్వుతూ ఒప్పుకున్నాడని ఊళ్ళో అంటారు. ఏవేవి కల్పించాడో మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. తేలితే పన్నెండు నుంచి తీసెయ్యాలి కదా.

స్టేషన్‌కి దగ్గర్లో డెరింగ్ వుడ్ అనే అడవి ఉంది. జనం దాన్ని అరుపుల అడవి అంటారు. 1948లో అక్కడ ఇరవై శవాలు దొరికాయని అంతర్జాలంలో ఒక భయంకర కథ తిరుగుతోంది. మన యువజన విభాగం దాని మూలం వెతికింది. ఒక సైటు ఇంకో సైటును చూపిస్తుంది, అది మరోదాన్ని. ఆ కాలపు పత్రిక ఒక్కటీ మాకు కనబడలేదు. ఈ కథకు నోటుపుస్తకంలో సగం పేజీయే ఇచ్చాం.

అరుపుల సంగతి మాత్రం నిజం. జనవరిలో ఒక సాయంత్రం, చీకటి పడే వేళ, ఆ అడవి అంచున నడిచాం. నాలుగున్నరకే చీకటి. నేల బురద, బూటు దిగితే పైకి రావడానికి గొడవ చేసే బంకమట్టి. అప్పుడు వచ్చింది అరుపు. ఆడమనిషి గొంతు పిసుకుతున్నట్టు, మూడుసార్లు, ఒకదాని మీద ఒకటి. అప్పటిదాకా ముందు నడుస్తూ అందరికీ ధైర్యం చెప్పిన మగవాళ్ళు పిల్లల మధ్యలోకి ఎలా వచ్చారో ఎవరికీ తెలియదు. ఎదురుగా కుక్కతో వస్తున్న ఒకావిడ మా ముఖాలు చూసి ఆగి, "ఆడనక్క. ఈ నెలల్లో మగనక్కని పిలుస్తుంది" అని చెప్పి పోయింది. కుక్క మమ్మల్ని చూసిన చూపులో జాలి ఉంది.

ఆ అరుపు విన్నాక మాత్రం అక్కడ దయ్యం కథ పుట్టినందుకు ఎవర్నీ తప్పుపట్టలేను. తెలిశాక కూడా ఇంకోసారి వినబడితే నా చెయ్యి పక్కవాళ్ళ భుజం మీదకే పోయింది.

సఫక్ యాత్ర

ఆగస్టులో బస్సు మాట్లాడుకుని తూర్పు ఇంగ్లండులోని సఫక్ వెళ్ళాం, నల్లకుక్క దయ్యం కథ ఉన్న బంగే, బ్లైత్‌బర్గ్ చర్చిలు చూడ్డానికి. బస్సు గంటన్నర ఆలస్యం. డబ్బు వెనక్కి అడిగాం, ఇంకా రాలేదు. ఇంతకంటే ఆ విషయం వద్దు.

1577 ఆగస్టు 4, ఆదివారం. బంగేలో ప్రార్థన జరుగుతుండగా ఘోరమైన గాలివాన. చర్చిలోకి నల్లకుక్క ఒకటి దూసుకొచ్చి, మోకాళ్ళ మీద ఉన్న ఇద్దరి మెడలు విరిచి పోయిందట. అదే రోజు బ్లైత్‌బర్గ్‌లోనూ కనబడిందట. బ్లైత్‌బర్గ్ చర్చి తలుపు మీద కాలిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగు వేళ్ళ వెడల్పున, గోళ్ళతో గీకినట్టు నల్లగా ఉంటాయి. మన పిల్లలందరూ వరసగా నిలబడి వేళ్ళు పెట్టి కొలుచుకున్నారు. అవి కొవ్వొత్తి మంటతో కావాలని పెట్టిన రక్ష గుర్తులని ఈ మధ్య కొందరు పరిశోధకులు అంటున్నారు.

మన నోటుపుస్తకం ప్రశ్న ఇక్కడ అద్భుతంగా పనిచేసింది. కుక్క గురించి ఎవరు చెప్పారు? అబ్రహాం ఫ్లెమింగ్, లండన్‌లో కూర్చుని కరపత్రాలు రాసిన పెద్దమనిషి. బంగే చర్చివాళ్ళు సొంతంగా రాసుకున్న దాఖలాలో ఏముంది? ఆ రోజు గాలివానలో గంటల గోపురంలో ఇద్దరు చనిపోయారని, వాళ్ళ పేర్లు. కుక్క లేదు. పిడుగు పడిన ఊరివాళ్ళకి పిడుగే కనబడింది. వంద మైళ్ళ అవతలున్నవాడికి కుక్క కనబడింది.

పెత్రమాస, హాలోవీన్, కొయ్య గుర్రం

హాలోవీన్ రాత్రి, అంటే అక్టోబరు 31న, ప్లక్లీకి వెళ్ళకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రాత్రి ఎక్కడెక్కడి కుర్రకారో కార్లేసుకుని ఆ ఊరి మీద పడతారు. చర్చి ఆవరణలో అరుపులు, సీసాలు. ఊరివాళ్ళకు దయ్యాలకంటే దయ్యాల్ని చూడొచ్చేవాళ్ళ బెడద ఎక్కువైంది. అక్కడ ఇల్లు కొన్న మన సభ్యుడు ఆ సాయంత్రం దీపాలార్పేసి వెనక గదిలో కూర్చున్నారట. బయట్నుంచి చూసినవాళ్ళు, "ఈ ఇల్లు ఖాళీగా ఉంది, ఇందులోనే ఉంటుంది" అనుకుని ఫొటోలు తీసుకున్నారట.

దానికి బదులు పెత్రమాస నాడు కలిశాం. కోస్తావాళ్ళు మహాలయ అమావాస్య అంటారు. తెలంగాణ కుటుంబాలకి బతుకమ్మ మొదలయ్యేది ఆ రోజే. పెద్దలకి బియ్యం ఇచ్చి, గారెలు పంచి, ఆ తర్వాత మాట్లాడుకున్నాం. ఇంగ్లీషువాళ్ళకు నవంబరు 2 అలాంటి రోజు. ఒకప్పుడు బీదవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఆ ఇంటి పెద్దల ఆత్మల కోసం ప్రార్థించి చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. చచ్చినవాళ్ళ పేరు చెప్పి బతికున్నవాడికి అన్నం పెట్టడం రెండు చోట్లా ఉంది.

అన్నిటికంటే నాకు ఆనందం కలిగించింది డిసెంబరు కార్యక్రమం. ఈ తూర్పు కెంట్‌లోనే హూడెనింగ్ అని ఒక ఆట ఉంది. క్రిస్మస్ రోజుల్లో పొలాల్లో గుర్రాలు తోలే పాలేర్లు ఆడేవారు. కర్ర చివర కొయ్యతో చెక్కిన గుర్రం తల, కింది దవడ మేకుమీద ఆడేలా బిగించి, దానికో తాడు. మనిషి వంగి, గోనెగుడ్డ కప్పుకుని, తాడు లాగుతుంటే దవడ టక్‌టక్‌మని కొట్టుకుంటుంది. పక్కన ఆడవేషం వేసుకున్న మగవాడు చీపురుతో. ఇంటింటికీ తిరిగి భయపెట్టి, నవ్వించి, చిల్లర పుచ్చుకుని పోయేవారు. పెర్సీ మేలం అనే కాంటర్‌బరీ న్యాయవాది, ఇది అంతరించిపోతుందేమోనని ఆటగాళ్ళ ఫొటోలు తీయించి 1909లో పుస్తకంగా వేశాడు. సెయింట్ నికొలస్ ఎట్ వేడ్ అనే ఊళ్ళో ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇది వినగానే హాల్లో సగంమంది ఒక్క గొంతుతో "గంగిరెద్దు" అన్నారు. అదే చలికాలం, అదే పంటలయ్యాక చేతుల్లో పనిలేని రోజులు, అదే గుమ్మం ముందు నిలబడ్డ జంతువు, అదే చిల్లర. మనది నిజం ఎద్దు, వాళ్ళది కొయ్య గుర్రం. మన సభ్యుల్లో వడ్రంగం తెలిసిన ఒకాయన గరాజులో రెండు శనివారాలు కూర్చుని ఒక తల చెక్కారు. దవడ మొదట గట్టిగా బిగిసిపోయింది. కొబ్బరినూనె రాస్తే కదిలింది. సంక్రాంతి నాడు అది మన హాల్లో తిరిగింది, మెడకి పాత పట్టుచీర అంచు కట్టి. ఏడ్చిన పిల్లలకి కార్యవర్గం తరఫున క్షమాపణలు.

ఆ రాత్రి లైట్లు తగ్గించి కథలు చెప్పుకున్నాం. క్రిస్మస్ నాడు పొయ్యి చుట్టూ దయ్యం కథలు చెప్పుకోవడం ఇంగ్లీషువాళ్ళ పాత అలవాటే. మనవాళ్ళ నుంచి ఎక్కువగా వచ్చింది 1990ల నాటి "ఓ స్త్రీ రేపు రా". ఒక ఆడదయ్యం రాత్రిళ్ళు తలుపు తట్టి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు మీద ఆ మాట రాస్తే చదువుకుని వెళ్ళిపోతుందని ఊళ్ళకి ఊళ్ళు సుద్దముక్కలు పట్టుకున్న రోజులు. నోటుపుస్తకం తీసి "మీకెవరు చెప్పారు" అని ఒక్కొక్కర్నీ అడిగాను. పక్కవీధివాళ్ళు. బస్సులో ఎవరో. చిన్నాన్న స్నేహితుడు. తలుపు తట్టిన చప్పుడు తన చెవులతో విన్నానన్నవాళ్ళు ఒక్కరూ లేరు. రాశామన్నవాళ్ళు మాత్రం హాల్లో సగం మంది. ఒకావిడ మెల్లగా అన్నారు, "మా ఊళ్ళో రాయని ఇల్లు ఒక్కటే, మాదే. మా ఇంట్లో ఎవరికీ రాయడం రాదు. అందుకని వారం రోజులు మా అమ్మ నిద్రపోలేదు." ఆ పేజీలో ఇంకేమీ రాయలేదు నేను.

లెక్కలు

కోశాధికారి గారి పట్టిక విడిగా జతచేశాం. రెండు ముక్కలు మాత్రం చెబుతాను. ప్లక్లీ చర్చి నిర్వహణ పెట్టెలో సంఘం తరఫున చిన్న మొత్తం వేశాం, ఆవరణలో పులిహోర తిన్నందుకు. చందా బకాయిలు అలాగే ఉన్నాయి. ఇంగ్లండు పల్లెల్లో ఏప్రిల్ 24 రాత్రి చర్చి వాకిట్లో కూర్చుంటే ఆ ఏడు చనిపోబోయేవాళ్ళ ఆకారాలు లోపలికి నడిచి వెళ్ళడం కనిపిస్తుందని ఒక పాత నమ్మకం. అక్కడ కూర్చుందామని యువజన విభాగం అడిగితే కోశాధికారి గారు ఒప్పుకోలేదు. కనబడినవాళ్ళలో బాకీదారులెవరైనా ఉంటే ఆ చందా ఇక ఎవర్నడగాలని ఆయన ప్రశ్న.

ఎజెండాలో 7వ అంశం

చివరిది కొంచెం ఇబ్బందికరమైన విషయం. మే నెల నడకలో, ఫ్రైట్ కార్నర్ దగ్గర, విసుగెత్తిన మన పిల్లవాడొకడు ఇంగ్లీషులో ఒక కథ అల్లాడు. వర్షం రాత్రి ఆ మలుపులో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ నిలబడి, స్టేషన్ ఎటు అని అడుగుతుందట. దారి చూపించి వెనక్కి తిరిగితే ఉండదట, రోడ్డు మీద తడి కాళ్ళ గుర్తులు మాత్రం ఉంటాయట. అందరం నవ్వాం. వాడు బళ్ళో స్నేహితులకి కూడా చెప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో ప్లక్లీలో ఉండే మన సభ్యుడు ఫోన్ చేశారు. పబ్బులో పక్క బల్ల దగ్గర ఒకాయన ఇదే కథ ఎవరికో చెబుతున్నాడట. చీర రంగు ఎరుపైంది. ఆవిడ యుద్ధకాలంలో ఒక సైనికాధికారితో ఇండియా నుంచి వచ్చిందట. స్టేషన్‌లో ఆయన కోసం ఎదురుచూసి, ఆయన రాక, రైలు పట్టాల మీద ప్రాణం తీసుకుందట. చెప్పినాయన వాళ్ళ బామ్మ స్వయంగా చూసిందట.

నోటుపుస్తకంలో ఆ పేజీ తెరిచాను. ఎవరు చెప్పారు: కోశాధికారి గారి మనవడు, వయసు 10. ఎప్పుడు: మే, మధ్యాహ్నం పన్నెండున్నర, పులిహోరకి ముందు. ఇంకెవరైనా ఇంకోలా చెప్పారా: ఒక బామ్మ.

ఊరివాళ్ళకి నిజం చెప్పేద్దామని కార్యవర్గంలో ముగ్గురు, ఊరుకుందామని ముగ్గురు. కోశాధికారి గారి అమ్మగారికి ఓటు లేదు గానీ ఆవిడ అభిప్రాయం అడిగాం. ఊరికి తిరిగి వెళ్ళే హడావిడిలో పెట్టె సర్దుకుంటున్నారు. "పాపం, స్టేషన్ ఎటో చెప్పారా ఎవరైనా?" అన్నారు.

ఈ విషయం సర్వసభ్య సమావేశంలో 7వ అంశంగా ఓటింగుకు పెడుతున్నాం. దయచేసి టైముకి రండి. జనవరి నడకలో సంఘం ఇచ్చిన ఆరు టార్చిలైట్లలో నాలుగే వెనక్కి వచ్చాయి. మిగతా రెండు ఎవరి దగ్గరున్నాయో తెచ్చివ్వండి.

మీ కార్యదర్శి